ఎత్తని గడప

ఆషాఢ శుద్ధ తదియ నాడు, పొద్దు పొడిచిన ఆరు గడియలకు, నీలశిల నగరం తాళ్ళవీధిలో ముప్ఫయ్యొక్క ఇళ్ళకు వాకిళ్ళు లేకుండా పోయాయి.

ఆ సమయంలో వీధిలో మనుషులు లేరు. తాళ్ళు పేనే కుటుంబాలన్నీ ఏటి రేవులో ఉన్నాయి. ఏటా ఆ రోజున వాళ్ళు తమ గడపలను ఊడదీసి, తల మీద పెట్టుకుని ఏటికి తీసుకెళ్ళి, సున్నపు నీళ్ళలో ఒక పూట నానబెడతారు. చెదలు పట్టకుండా ఉండటానికి అలా చేస్తారు. నగరంలో మరెవరూ ఈ పని చేయరు. మధ్యాహ్నం గడపలతో తిరిగి వచ్చేసరికి వాకిళ్ళు ఉండాల్సిన చోట గోడ ఉంది. గోడకు అతుకు లేదు. పలుగుతో కొడితే పలుగు వంగింది.

ఒక ఇంట్లో మనిషి ఉంది. తాళ్ళు పేనే సింగమ్మకు అత్త, ఎల్లవ్వ. ఆమె కాళ్ళు పడిపోయి ఆరేళ్ళయింది. ఆ వీధి ఇళ్ళకు కిటికీలు లేవు. కప్పులో పొగగూడు ఒకటే ఉంటుంది. సింగమ్మ కప్పెక్కి పొగగూట్లోంచి పిలిచింది. ఎల్లవ్వ పలికింది. చీకటిగా ఉందని, గంజి ఇంకా రాలేదని చెప్పింది. సింగమ్మ చెంబుకు తాడు కట్టి గంజి దించింది. చెంబు పైకి లాగేటప్పుడు అంచు ఇరుక్కుంది. పొగగూడు కొలిచి చూశారు. పొద్దున జానెడున్నర ఉన్నది జానెడుకు వచ్చింది.

ఆ వీధి, ఆ కొండవాలు మొత్తం గజపాలుడిది. నగరంలో మూడు వందల ఇళ్ళు అద్దెకిచ్చినవాడు. చైత్రమాసంలో అతని కోటకు కాలనేత్రుడనే మాంత్రికుడు వచ్చాడు. తాళ్ళవీధి కింద రసకూపం ఉందని, ఆ నూతిలోని రసంతో ఇనుమును బంగారం చేయవచ్చని అతను గజపాలుడికి చెప్పినట్టు కోట పనివాళ్ళు అంటారు. ఆ నూతిని చూసినవాళ్ళు లేరు. చైత్రం నుంచి రెండుసార్లు గజపాలుడి మనుషులు వచ్చి వీధి ఖాళీ చేయమన్నారు. రెండుసార్లూ వీధివాళ్ళు కుదరదన్నారు.

సింగమ్మ తన గడపను తల మీద పెట్టుకుని గృహన్యాయసభకు వెళ్ళింది. అద్దె ఇళ్ళ తగవులు వినే సభ అది. కొండ మీద ఉంది. నూట ఎనిమిది మెట్లు. ఇంటి యజమాని అన్యాయం చేస్తే అద్దెకున్నవాళ్ళు ఎలా ఫిర్యాదు చేయాలో ద్వారం పక్కన రాతి మీద చెక్కి ఉంది. ఆ రాయి పెట్టి నూరేళ్ళు దాటింది. అక్షరాలు అరిగాయి. అందుకని లేఖరి సోమయ వచ్చినవాళ్ళకు నోటితో చెబుతాడు.

సోమయ ఆమె తల మీద ఉన్నదేమిటని అడిగాడు. గడప అని చెప్పింది. ఎవరు ఊడదీశారని అడిగాడు. నేనే అంది. సోమయ గంటం కింద పెట్టాడు.

"అమ్మా, ఆ మాట నా ముందు అనకుండా ఉండాల్సింది. అద్దెకున్నవాళ్ళు తమ చేత్తో గడప తీస్తే ఇల్లు ఖాళీ చేసినట్టు. శాసనంలో అట్లాగే ఉంది."

"చెదలకి తీసినామయ్యా. మా తాతల కాడ్నించీ తీస్తన్నాం."

"చెదల సంగతి శాసనంలో లేదు."

లోపల తన అత్త ఉందని సింగమ్మ చెప్పింది. గజపాలుడి మనిషి పొద్దున్నే వచ్చి రాసిన తాటాకు ఒకటి ఇచ్చి వెళ్ళాడని సోమయ చెప్పాడు. ముప్ఫై ఇళ్ళవాళ్ళు గడపలెత్తుకుని పోయారని, లోపల మిగిలినది ఏదైనా యజమానికే చెందుతుందని అందులో ఉంది.

"అట్టయితే మా అత్తని ఆయన్నే ఉంచుకోమనయ్యా," అంది సింగమ్మ. "రెండు దినాలు ఆమె నోరు ఇన్నాడంటే వాకిలి ఆయనే పెట్టిస్తాడు."

సోమయ ఆకు మళ్ళీ చదివాడు. ఇళ్ళు ముప్ఫయ్యొకటి కదా, ఆకులో ముప్ఫై అని ఎందుకుందని అడిగాడు. సింగమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. చివరి గదిలో ఉండే మల్లడు గడప తీయలేదు. ముందురోజు ఆమె అతన్ని తిట్టింది కూడా. ఒక్క ఏడాదికే చెదలు గడపను తినేయవులే అత్తా అని చెప్పి, అతను తెల్లవారకముందే జనుము కోయడానికి పోయాడు.

"అయితే ఆ వీధిలో ఇవాళ అద్దెకున్నవాడు అతనొక్కడే," అన్నాడు సోమయ. "అతను ఫిర్యాదు చేస్తే వీధి మొత్తానికీ చెల్లుతుంది. మీరు చేస్తే మీకే చెల్లదు."

మల్లడు తాళ్ళవీధికి వచ్చి ఎనిమిది నెలలు. దక్షిణాది పల్లెవాడినని చెప్పుకున్నాడు. అసలు పేరు జయకేతు. ఉదయశైల రాజు వీరకేతు కొడుకు. సేనాపతి వజ్రదంతుడు రాజును చంపి సింహాసనం ఎక్కాడు. జయకేతు జాడ చెప్పినవాళ్ళకు రెండు గ్రామాలు ఇస్తానని చాటింపు వేయించాడు. వజ్రదంతుడి మనుషులు ప్రతి నగరంలోనూ ఉన్నారు. జయకేతు ఎవరో నీలశిలలో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం సోమయ అతనికి నియమాలు చెప్పాడు. వాకిళ్ళు పోయిన రోజుతో కలిపి మూడో సాయంకాలపు నగారా మోగేలోగా ఫిర్యాదు సభలో చదవాలి. అంతకుముందు ఇంటి యజమానికి ముఖాముఖి అన్యాయం ఏమిటో చెప్పి ఉండాలి. చెప్పడం సభ పంపిన చూపరి చూసి ఉండాలి. సభలో ఫిర్యాదుదారు తన పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు చెప్పాలి. అబద్ధమని తేలితే ఫిర్యాదు కొట్టేస్తారు. అదే తగవు మీద మళ్ళీ తీసుకోరు. ఫిర్యాదు నమోదై సభ గంట కొడితే విచారణ అయ్యేదాకా ఆ ఇంటిని ఎవరూ ముట్టకూడదు. నగరంలో మంత్రం వేసేవాళ్ళంతా ఆ గంటకు కట్టుబడతామని నగర ద్వారం దగ్గర ప్రమాణం చేసే లోపలికి వస్తారు. కాలనేత్రుడూ చేశాడు.

జయకేతు ఒక్క ప్రశ్న వేశాడు. పేరు చదివేటప్పుడు ఎవరెవరు ఉంటారని.

"తలుపులు తెరిచే ఉంటాయి నాయనా. ఎవరైనా వినొచ్చు," అన్నాడు సోమయ.

రెండో రోజు ఉదయం చూపరి బయ్యన్న తాళ్ళవీధికి వచ్చాడు. అరవై ఏళ్ళవాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్నాడు. చివరి గది ముందు మోకాళ్ళ మీద కూర్చుని గోడ అడుగున చూశాడు. గోడ కింద వేలి మందాన కొయ్య కనిపించింది. గడప ఉన్నదని ఆకు మీద గుర్తు పెట్టుకున్నాడు. తన పని చూడటమేనని, సాయం చేయడం గానీ సలహా ఇవ్వడం గానీ తన పని కాదని చెప్పాడు. అప్పటికి ఎల్లవ్వ పొగగూడు బెత్తెడుకు వచ్చింది. చెంబు పట్టక వెదురు గొట్టంలో గంజి పోశారు.

గజపాలుడి కోట చెరువు మధ్యలో ఉంది. గోడ ఎత్తు పన్నెండు నిలువులు. లోపలికి ఏడు తలుపులు. ఒక్కో తలుపుకు రెండు రాతి ఏనుగులు. దారిన పోయేవాళ్ళను అవి ఏమీ చేయవు. ఫిర్యాదు మాట విన్నప్పుడు కదులుతాయి. మూడేళ్ళుగా అద్దెకున్నవాడెవడూ గజపాలుడి ముఖం చూడలేదు. ఇల్లు అద్దెకు కావాలని వచ్చేవాళ్ళకు మాత్రం తలుపులు తీస్తారు. అందుకని సింగమ్మ అరువు చీర కట్టుకుంది. జయకేతు తలపాగా చుట్టి పైరాజ్యపు వర్తకుడి వేషం వేశాడు. నడుముకు జనపతాడు చుట్టి పైన పట్టు కండువా కప్పాడు. అత్తా అల్లుళ్ళం, కొట్టు పెట్టుకోవడానికి ఇల్లు చూస్తున్నామని ద్వారం దగ్గర చెప్పారు. బయ్యన్నను మీరెవరని అడిగితే, చూడటానికి వచ్చానన్నాడు. కాపలావాడు ఇల్లు చూడటానికే అనుకున్నాడు. ఏడు తలుపులూ తెరుచుకున్నాయి.

ఏడో తలుపు అవతల గదిలో ఐదుగురు గజపాలులు కూర్చుని ఉన్నారు. ఐదు ముఖాలూ ఒకటే. ఐదు మీసాలూ ఒకటే. ఐదుగురూ ఒకేసారి తమలపాకు మడిచి నోట్లో పెట్టుకున్నారు. నలుగురు కాలనేత్రుడు చేసిన బొమ్మలు. బొమ్మకు చెబితే చెప్పినట్టు కాదు. అన్యాయం ఒక్కసారే చెప్పాలి. మొదటి మాటకే ఏనుగులు కదులుతాయి.

జయకేతు బయ్యన్న వైపు చూశాడు. బయ్యన్న గజపాలుల వైపు చూస్తున్నాడు.

అప్పుడు సింగమ్మ ముందుకు వచ్చి, చూపించబోయే ఇల్లు ఎలాంటిదని అడిగింది. మంచి ఇల్లని ఐదుగురూ చెప్పారు. ఆమె వరసగా ఒక్కొక్కరి ముందూ ఆగి ఒకే మాట అడిగింది.

"వానకి కప్పు కారితే ఏం చేస్తావు దొరా?"

మొదటివాడు వెంటనే బాగుచేయిస్తానన్నాడు. రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడు కొత్త పెంకులు వేయిస్తానన్నాడు. నాలుగోవాడు తమలపాకు నమలడం ఆపాడు.

"మీరే వేయించుకోండి. నాకు చెప్పొద్దు."

ఐదోవాడు బాగుచేయిస్తానన్నాడు గానీ సింగమ్మ అతని దాకా వెళ్ళలేదు.

"ఇతనే, అల్లుడా," అంది. "పదకొండేళ్ళుగా ఇదే మాట ఇంటన్నా, మనిషిని పెట్టి పంపిన మాట."

జయకేతు నాలుగోవాడి ఎదురుగా నిలబడి చెప్పాడు. తాళ్ళవీధిలో ముప్ఫయ్యొక్క ఇళ్ళ వాకిళ్ళు మూయించడం అన్యాయమని, ఒక ఇంట్లో మనిషి ఉందని, తన గడప ఇంకా నేలలోనే ఉందని, రేపు నగారాలోగా సభలో ఫిర్యాదు చదువుతానని. గజపాలుడు చెవులు మూసుకున్నాడు. అతను చెవులు మూసుకున్నాడని, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయని బయ్యన్న ఆకు మీద గుర్తు పెట్టుకున్నాడు.

ఏడు తలుపుల దగ్గరా రాయి కదిలిన శబ్దం వినిపించింది. మిగతా నలుగురు గజపాలులు మట్టి అయ్యారు. తెర వెనక నుంచి కాలనేత్రుడు వచ్చి, గజపాలుణ్ణి తెర అవతలికి లాగి, చేయి కిందికి చాచాడు. గది నేల పలకలు అంచుల నుంచి రాలడం మొదలైంది. కింద నీళ్ళు, నీళ్ళలో మొసళ్ళు ఉన్నాయి. జయకేతు నడుము తాడు విప్పి పై దూలానికి విసిరాడు. సింగమ్మ ముందుగా పట్టుకుంది. చిన్నప్పటి నుంచి చేసిన పని కాబట్టి ఆమె చేతులు జారలేదు. జయకేతు తర్వాత ఎక్కాడు. చివరి పలక మీద బయ్యన్న నిలబడి ఉన్నాడు.

"సాయం చేయడం నీ పని కాదన్నావుగా," అంది సింగమ్మ పైనుంచి.

"చేయడం నా పని కాదమ్మా. అందుకోవడానికి అడ్డం లేదు," అన్నాడు బయ్యన్న.

జయకేతు తలకిందులుగా వేలాడి అతని మణికట్టు పట్టుకున్నాడు. పలక రాలింది. మొదటి ఏనుగు గది ద్వారంలోకి వచ్చేసరికి ముగ్గురూ తాడు పైకి లాక్కుని, దూలం మీది నుంచి గవాక్షంలోకి పాకారు. అక్కణ్ణుంచి చెరువులోకి దూకారు. ఒక మొసలి వెంటపడింది. జయకేతు దాని నోటికి ఉచ్చు బిగించి ముడి వేశాడు. అది సింగమ్మ పేనిన తాడు. మొసలి నోరు తెరవలేకపోయింది. ముగ్గురూ తూర్పు గట్టుకు చేరారు. బయ్యన్న ఆకును తలపాగాలో పెట్టుకున్నాడు కాబట్టి తడవలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి పొగగూడు మూడు వేళ్ళ వెడల్పుంది. ఎల్లవ్వకు గంజి ఆముదపు కాడతో పోశారు. ఉప్పు తక్కువైందని ఆమె చెప్పింది. తర్వాత ఊపిరి బరువుగా ఉందని చెప్పింది.

జయకేతు, సింగమ్మ, బయ్యన్న సభకు బయలుదేరారు. తాళ్ళవీధి నుంచి సభ కనిపిస్తుంది. నడక మూడు గడియలు. కంచరివీధి దాటి కుడికి తిరిగారు. మళ్ళీ కంచరివీధిలోనే ఉన్నారు. ఎడమకు తిరిగారు. మళ్ళీ అదే వీధి, అదే కంచరి, అదే బిందె మీద సుత్తి. నాలుగుసార్లు అలా జరిగింది. కాలనేత్రుడు దారికి మంత్రం వేశాడు. ఎదురుగా చూసి నడిచేవాళ్ళ కాళ్ళను అది వెనక్కి తిప్పుతుంది. పొద్దు బారెడుంది.

సింగమ్మ ఆగి, కంచరి అరుగు మీది మేకుకు తాడు కొస బిగించింది. తాళ్ళు పేనేవాళ్ళు వెనక్కి నడుస్తారు. కొసను గుంజకు కట్టి, కళ్ళు గుంజ మీదే ఉంచి, నార కలుపుతూ వెనక్కి పోతారు. అలా పేనేటప్పుడు వాళ్ళు రోజుకు ఆమడ నడుస్తారు. వెనక ఏముందో చూడరు. వంకర పోతే తాడు చెబుతుంది.

"మంత్రం వేసినోడు ముందుకు నడిచేవాళ్ళకి వేసుంటాడు," అంది. "మా నడక సంగతి వాడికేం తెలుసు."

ఆమె ఒడిలోని నార కలుపుతూ వెనక్కి అడుగు వేసింది. జయకేతు ఆమె పక్కన వెనక్కి నడిచాడు. ఎనిమిది నెలల్లో అతనూ ఆ నడక నేర్చాడు. బయ్యన్నకు రాదు. జయకేతు అతని భుజం పట్టుకుని నడిపించాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారిగా అతను కళ్ళు మూసుకున్నాడు. కంచరివీధి దూరమైంది. సుత్తి చప్పుడు తగ్గింది. నార అయిపోయినచోట సింగమ్మ చీర కొంగు చించి కలిపింది. మడమకు మొదటి మెట్టు తగిలింది. నూట ఎనిమిది మెట్లూ వెనక్కే ఎక్కారు. నగారా కొట్టేవాడు కర్ర తీసుకుని బురుజు ఎక్కడం పైనుంచి కనిపించింది.

సభలో న్యాయాధికారి, సోమయ, గజపాలుడి మనిషి ఉన్నారు. ద్వారం దగ్గర పదిమందికి పైగా ఉన్నారు. అందులో ఉదయశైలం నుంచి వచ్చిన గుర్రాల వర్తకులు ఇద్దరని సోమయ తర్వాత చెప్పాడు. బయ్యన్న చూసినదంతా వరసగా చెప్పాడు. గోడ కింద కొయ్య, ఐదుగురు గజపాలులు, మూసుకున్న చెవులు. కంచరివీధి నుంచి మెట్ల దాకా తాను ఏమీ చూడలేదని కూడా చెప్పాడు. న్యాయాధికారి సరేనన్నాడు.

గజపాలుడి మనిషి లేచి, ఫిర్యాదుదారు ఎవరో తమకు తెలియదని, పేరు రాయించమని అడిగాడు.

సోమయ ఆకు సరిచేసుకుని జయకేతు వైపు చూశాడు.

"పేరు మల్లడనే రాయనా?"

"వద్దు," అన్నాడు జయకేతు. "జయకేతు. తండ్రి వీరకేతు. పుట్టింది ఉదయశైలం, రాజనగరు."

సోమయ రాశాడు. రాసినది నియమం ప్రకారం మూడుసార్లు పైకి చదివాడు. రెండోసారి చదివేటప్పుడు ద్వారం దగ్గరి ఇద్దరు గుర్రాల వర్తకులు మెట్లు దిగిపోయారు.

సింగమ్మ మూడుసార్లూ విన్నది. తర్వాత జయకేతును అడిగింది.

"ఎనిమిది నెలలుగా రాజుకొడుకు చేత నీళ్ళు మోయించినానా?"

"మోయించావు అత్తా."

"ముందే చెప్పుంటే ఇంకో రెండు బిందెలు మోయించేదాన్ని కదరా," అంది. అతని భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

న్యాయాధికారి ఫిర్యాదు నమోదైందని చెప్పాడు. విచారణ పదో రోజున. అప్పటిదాకా ఫిర్యాదుదారు నగరపు గోడ దాటకూడదు. దాటితే ఫిర్యాదు పోతుంది, ఇళ్ళు యజమానివి అవుతాయి. జయకేతు ఆ షరతు విని కింద వేలిముద్ర వేశాడు. సోమయ గంట కొట్టాడు. గంట మోగాక నగారా మోగింది. మధ్యలో ఎంత వ్యవధి ఉందో ఎవరూ కొలవలేదు.

ఆ వేళకు తాళ్ళవీధి కప్పు మీద ఉన్నవాళ్ళు పొగగూడు కొలిచారు. రెండు వేళ్ళ వెడల్పుంది. గడియ తర్వాత మళ్ళీ కొలిచారు. రెండు వేళ్ళే ఉంది. ఎల్లవ్వను పిలిచారు. గంట మోగింది తనకూ వినపడిందని, ఈసారి గంజిలో ఉప్పు వేయమని ఆమె చెప్పింది.

చీకటి పడేలోగా నీలశిల నగరం నుంచి మూడు పావురాలు తూర్పు ద్వారం మీదుగా ఉదయశైలం దిక్కుకు ఎగిరిపోయినట్టు కాపలావాళ్ళు రాసుకున్నారు. ఆ సాయంత్రం తూర్పు ద్వారం దాటిన మనుషుల పట్టీలో జయకేతు పేరు లేదు.